ఫ్లాప్ పడ్డాక బెట్టా, చెక్కా? హోల్డెమ్ ఆడేవారికి సమగ్ర మార్గదర్శి

రమ్మీ, మూడు ముక్కలాట ఆడి వచ్చిన మనవాళ్లు హోల్డెమ్ (పోకర్‌లో ఒక రకం) బల్ల దగ్గర కూర్చున్నప్పుడు పాత అలవాటొకటి వెంట వస్తుంది. చూపు ఎక్కువసేపు చేతిలోని ముక్కల మీదే ఉంటుంది. హోల్డెమ్‌లో మాత్రం చేతికి రెండు ముక్కలే వస్తాయి; ఫ్లాప్ అనే మూడు ముక్కలు బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా పడతాయి, తర్వాత టర్న్, రివర్ అని ఒక్కొక్కటి. అవి పడగానే చాలామంది మనసులో వేసుకునే ప్రశ్న ఒక్కటే: నాకు తగిలిందా? తగిలితే బెట్ (పందెం వేయడం), తగలకపోతే చెక్ (ఏమీ వేయకుండా మాట వదలడం).

ఈ ప్రశ్నతో ఆడితే ఎందుకు నష్టమో ఒక్క అంకె చెబుతుంది. జత కాని రెండు ముక్కలు చేతిలో ఉన్నప్పుడు ఫ్లాప్‌లో వాటిలో ఒక్కదానికైనా జోడీ కుదిరేది దాదాపు 32 శాతం సార్లే. మూడింట రెండుసార్లు మీకేమీ తగలదు, ఎదుటివారికీ అంతే. తగిలినప్పుడే బెట్ వేసే మనిషి ఆట కాసేపు గమనించినవారికి తెలిసిపోతుంది. ఆయన బెట్ వేస్తే అందరూ ముక్కలు పడేస్తారు, చెక్ చేస్తే అందరూ మీద పడతారు. అందుకే ఇక్కడ ప్రశ్నల వరుస మారుస్తున్నాను. ముందు, ఈ బోర్డు (బల్ల మీది ఉమ్మడి ముక్కలు) ఎవరికి అనుకూలం? తర్వాత, నేను బెట్ వేస్తే ఎదుటివారు ఏం పడేస్తారు, దేనితో కాల్ చేస్తారు (అంతే వేసి నిలుస్తారు)? మీ రెండు ముక్కల సంగతి ఆ తర్వాతే.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక మాట. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతటా నిషిద్ధమయ్యాయి. కాబట్టి ఇక్కడ ఉదాహరణలన్నీ ఉత్త చిప్స్‌తోనే ఇస్తున్నాను. గోవా కాసినోలో ఆడేవారికైనా, అమెరికాలో లైసెన్సు ఉన్న కార్డ్ రూముల్లో ఆడేవారికైనా లెక్క ఇదే.

1. ఫ్లాప్ రాకముందే నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోండి

ఎవరు రైజ్ చేశారు (పందెం పెంచారు), ఎవరు కాల్ చేశారు, ఫ్లాప్ తర్వాత చివరగా మాట్లాడేది ఎవరు, పాట్‌లో (బల్ల మధ్యలో పోగైన చిప్స్‌లో) ఎంత ఉంది. ఫ్లాప్ పడ్డాక వీటి కోసం వెతుక్కుంటే ఆలస్యమైపోయినట్టే.

మనం చివరిదాకా వాడుకునే పరిస్థితి ఇది. స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసేవి, 50, 100. ఇద్దరి దగ్గరా 10,000 చిప్స్. మీరు బటన్‌లో (ఫ్లాప్ తర్వాత చివరగా మాట్లాడే కుర్చీలో) ఉండి 250కి రైజ్ చేశారు. స్మాల్ బ్లైండ్ ఫోల్డ్ అయ్యాడు (ముక్కలు పడేశాడు), బిగ్ బ్లైండ్ కాల్ చేశాడు. పాట్ 550, మీ ముందు ఇంకా 9,750.

బిగ్ బ్లైండ్ పరిస్థితి కూడా ఒకసారి ఆలోచించండి. ఆయన 100 ముందే పెట్టేశాడు, ఇంకో 150 వేస్తే 550 పాట్‌లో పోటీకి నిలుస్తాడు. అంటే 27 శాతం చొప్పున గెలిచినా ఆ 150 గిట్టుబాటే. అందుకే ఆయన ఆసు-5, రాణి-8, 8-4 ఒకే జాతివి లాంటి వాటితో కూడా వచ్చేస్తాడు. కానీ ఆసుల జత, రాజుల జత, రాణుల జత, ఆసు-రాజు లాంటివి చేతికొస్తే ఊరికే కాల్ చేయడు, తిరిగి రైజ్ చేస్తాడు. ఆయన ఊరికే కాల్ చేశాడంటే ఆ పెద్ద ముక్కలు చాలావరకు ఆయన దగ్గర లేనట్టే. మీ దగ్గర అవన్నీ ఉండే అవకాశం అలాగే ఉంది. ఫ్లాప్ ఆటలో సగం ఈ తేడా నుంచే పుడుతుంది.

2. బోర్డు ఎవరిదో తేల్చండి

ఒక మనిషి దగ్గర ఆ పరిస్థితిలో ఉండగల ముక్కల జతలన్నిటినీ కలిపి రేంజ్ అంటారు. ఫ్లాప్ పడగానే మీ రెండు ముక్కల్ని కాసేపు మరిచిపోయి, మీ రేంజ్ మొత్తాన్ని ఒకవైపు, ఆయన రేంజ్ మొత్తాన్ని ఇంకోవైపు పెట్టి చూడండి. రెండు ఫ్లాపులు తీసుకుందాం.

మొదటిది: ఇస్పేటు రాజు, ఆఠీను 7, కళావరు 2. ఇక్కడ ఫ్లష్ (ఐదూ ఒకే జాతివి) డ్రా లేదు, స్ట్రెయిట్ (ఐదు వరుస ముక్కలు) డ్రా కూడా లేదు. డ్రా అంటే ఇంకొక్క ముక్క వస్తే పూర్తయ్యే చేయి. ఇక బలమైన ముక్కలు లెక్కపెట్టండి. ఆసుల జత మీ దగ్గర 6 రకాలుగా ఉండొచ్చు. రాజు ఒకటి బల్ల మీదే ఉంది కాబట్టి రాజుల జత 3 రకాలు. ఆసు-రాజు నాలుగు ఆసులు, మూడు రాజులతో 12 రకాలు. మొత్తం 21. ఇవి మీకు ఉన్నాయి, ఆయనకు దాదాపు లేవు. 7ల జత, 2ల జత ఇద్దరికీ మూడేసి రకాలు. రాజు-7 ఒకే జాతివి అయితే, ఇస్పేటు రాజు, ఆఠీను 7 బల్ల మీదకు వచ్చేశాయి కనుక, డైమనులో ఒకటి, కళావరులో ఒకటి, అంతే. ఇక ఆయన రేంజ్‌లో ఉన్న 10-9, జాకీ-8, రాణి-9, 5-4 లాంటి వాటికి ఈ ఫ్లాప్‌లో పట్టుకోవడానికి గడ్డిపరక కూడా లేదు. ఈ బోర్డు పూర్తిగా మీది.

రెండోది: ఇస్పేటు 7, ఇస్పేటు 6, డైమను 5. ఇక్కడ కథ తిరగబడుతుంది. 9-8, 8-4, 4-3 ఏవున్నా స్ట్రెయిట్ పడిపోయింది. 9-8 మీకూ ఉండొచ్చు. 8-4, 4-3 మాత్రం ఎక్కువగా ఆయన దగ్గరే ఉంటాయి. 7-6, 6-5, 7-5లతో రెండు జోడీలు వచ్చిన చేతులు కూడా ఆయనకే ఎక్కువ. మీకు పెద్ద జతలు ఉన్నాయి, నిజమే, కానీ మీ రేంజ్‌లో ఆసు-రాజు, రాజు-జాకీ, ఆసు-10 లాంటి ఏమీ తగలని పెద్ద ముక్కలు కుప్పలుగా ఉన్నాయి. మొత్తం మీద గెలిచే అవకాశాలు ఇద్దరికీ దగ్గరదగ్గరగా ఉన్నా, పాట్ పెద్దదైతే భయపడాల్సింది మీరు.

ఇక్కడ రెండు రకాల పైచేయి కనిపిస్తోంది, వాటిని విడివిడిగా చూడటం నేర్చుకోవాలి. రేంజ్ మొత్తం సగటున ఎవరిది బలంగా ఉంది అన్నది ఒకటి. దీన్నిబట్టి ఎన్నిసార్లు బెట్ వేయాలో తేలుతుంది. అన్నిటికన్నా బలమైన చేతులు, అంటే సెట్లు (చేతి జతకు బోర్డులో మూడోది తగిలినవి), స్ట్రెయిట్లు, రెండు జోడీలు ఎవరికి ఎక్కువ అన్నది రెండోది. బెట్ ఎంత పెద్దది వేయవచ్చో ఇది చెబుతుంది. రాజు-7-2లో రెండూ మీవే. 7-6-5లో రెండోది ఆయనది.

మిగతా బోర్డులకు ఒక అంచనా. పెద్ద ముక్క ఒకటి ఉండి మిగతావి విడివిడిగా ఉంటే (ఆసు-8-3, రాణి-7-2) రైజ్ చేసినవారికి అనుకూలం. పెద్ద ముక్కలు రెండుంటే (ఆసు-రాజు-5, రాజు-రాణి-4) ఇంకా అనుకూలం. జోడీ పడిన బోర్డు (రాజు-రాజు-6, 8-8-3) కూడా ఎక్కువగా రైజ్ చేసినవారి వైపే మొగ్గుతుంది, ఎందుకంటే ఎదుటివారికి తగిలే ముక్కలు తగ్గిపోతాయి. ఇలాంటివి 17 శాతం ఫ్లాపులు. మధ్య, చిన్న ముక్కలు దగ్గరదగ్గరగా పడితే (9-8-6, 6-5-4) కాల్ చేసినవారి వైపు. మూడూ ఒకే జాతివి పడేది 5 శాతం ఫ్లాపుల్లోనే. అక్కడ ఎవరికైనా జాగ్రత్త ఎక్కువ కావాలి, బెట్ వేస్తే చిన్నదే వేయాలి.

3. బెట్ గిట్టుబాటు కావాలంటే ఎంత ఫోల్డ్ కావాలి

ఇది చిన్న లెక్క, కంఠతా పట్టేయండి. మీరు వేసిన మొత్తాన్ని, పాట్‌ను కలిపిన దానితో భాగించాలి. 550 పాట్‌లో మూడో వంతు, అంటే 180 వేస్తే 180ని 730తో భాగించాలి. 25 శాతం సార్లు ఆయన ఫోల్డ్ అయితే చాలు, మీ ముక్కలు ఎంత పనికిమాలినవైనా ఆ బెట్‌తో నష్టం లేదు. సగం పాట్ వేస్తే 33 శాతం, మూడింట రెండు వంతులకు 40 శాతం, పాట్ మొత్తానికి 50 శాతం ఫోల్డ్ కావాలి.

రాజు-7-2 మీద 180 బెట్‌కు బిగ్ బ్లైండ్ నాలుగింట ఒకసారి కన్నా ఎక్కువే ఫోల్డ్ అవుతాడు. చాలామంది సగం సార్లు వదిలేస్తారు. అందుకే ఆ బోర్డు మీద బటన్ నుంచి దాదాపు ఏ ముక్కలతోనైనా చిన్న బెట్ వేయవచ్చు. అదే 7-6-5 మీద 180 వేసి చూడండి. ఆయనకు జోడీయో, డ్రాయో, కనీసం ఒక 8 లేదా 4 ముక్కో ఉంటుంది. ఫోల్డ్‌లు తక్కువ వస్తాయి, పైగా చెక్ చేసి మీ బెట్ మీద రైజ్ చేసే చేతులు ఎక్కువ.

4. ఇప్పుడు మీ రెండు ముక్కలు చూడండి

ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. బోర్డు మీదే అయినా ప్రతి చేయీ బెట్‌కు ఒకేలా పనికిరాదు. బోర్డు మీది కాకపోయినా బెట్ వేయాల్సినవి కొన్ని ఉంటాయి.

బలమైన చేతులతో తేలికే, బెట్ వేసి పాట్ పెంచాలి. కానీ ఒక మెలిక చూడండి. రాజు-7-2 మీద మీ దగ్గర 7ల జత ఉందనుకుందాం. సెట్ పడింది, ఆయనకు రాజు తగిలి ఉండొచ్చు, అంటే మీకు డబ్బిచ్చే చేయి ఉంది. బెట్ వేయండి. అదే బోర్డు మీద మీ దగ్గర రాజుల జత ఉంటే? బల్ల మీద ఒకటి, మీ చేతిలో రెండు పోగా పేకలో మిగిలింది ఒకే ఒక్క రాజు. మీకు కాల్ చేయాల్సిన చేతుల్ని మీరే పట్టుకుని కూర్చున్నారు. ఇలాంటప్పుడు ఒకసారి చెక్ చేసి, టర్న్‌లో ఆయనకు ఏదైనా తగలనివ్వడం తప్పు కాదు.

మధ్యరకం చేతుల దగ్గరే ఎక్కువమంది తడబడతారు. అదే రాజు-7-2 మీద రాణుల జత, 8ల జత తీసుకోండి. రెండూ ఒకే రకంలా కనిపిస్తాయి, రెంటికీ రాజు అంటే భయం. చాలామంది రాణులతో బెట్ వేసి 8లతో చెక్ చేస్తారు, రాణులు పెద్దవి కదా అని. లెక్క దానికి వ్యతిరేకంగా ఉంది. ఆయన చేతిలో రాణి-10 ఉందనుకోండి. మీ 8ల జతను దాటడానికి ఆయనకు మూడు రాణులు, మూడు పదులు, మొత్తం 6 ముక్కలు పనికొస్తాయి. రివర్ దాకా ఊరికే చూడనిస్తే సుమారు 25 శాతం సార్లు మిమ్మల్ని దాటేస్తాడు. 180 బెట్‌కు ఆ చేతిని ఆయన పడేస్తే మీకు అది మంచి లాభం. రాణుల జతకు ఆ బెంగ లేదు. ఆయన చేతిలో ఆసు-5 ఉంటే ఆసులు మూడే మీకు ప్రమాదం, రివర్ దాకా 13 శాతం. జాకీ-10కి అయితే ఒక్క జోడీతో రాణుల్ని దాటడం కుదరనే కుదరదు. కాబట్టి రాణుల జత నింపాదిగా చెక్ చేయగలదు, 8ల జతకే బెట్‌తో రక్షణ కావాలి. నా మటుకు, ఫ్లాప్ ఆట ఎంత అర్థమైందో తెలుసుకోవడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఏమీ తగలని చేతుల్లోనూ మంచి చెడు ఉన్నాయి. బెట్ వేసి కాల్ పడితే, టర్న్‌లో ఎన్ని ముక్కలు మీకు ఊపిరి పోస్తాయో చూడాలి. అదే రాజు-7-2 మీద మీ దగ్గర ఆఠీను జాకీ, ఆఠీను 10 ఉన్నాయి. బోర్డులో ఒక ఆఠీను ఉంది. టర్న్‌లో మిగిలిన 10 ఆఠీనుల్లో ఏది వచ్చినా ఫ్లష్ డ్రా. మిగతా జాతుల రాణి, ఆసు, 9, 8, మూడేసి చొప్పున 12 ముక్కలు, ఏవి వచ్చినా స్ట్రెయిట్ డ్రా. జాకీ, 10 కలిపి ఇంకో 6 ముక్కలు జోడీ ఇస్తాయి. చూడని 47 ముక్కల్లో 28 మీకు పనికొచ్చేవే. అంటే సగానికి పైగా టర్న్‌లలో మీరు రెండో బెట్‌కు కారణం ఉండి వేస్తారు. అదే జాకీ, 10 వేర్వేరు జాతులవై ఆఠీను లేకపోతే ఆ లెక్క 22కి పడిపోతుంది. బ్లఫ్‌కు ఏ చేతిని ఎంచుకోవాలో ఇలా తేలుతుంది, ఆ పూట ధైర్యంతో కాదు.

డ్రాలతో మరో జాగ్రత్త. బెట్ వేశాక ఎదుటివారు పెద్ద రైజ్ చేస్తే ఏం చేస్తారో ముందే ఆలోచించండి. పెద్ద ఫ్లష్ డ్రా అయితే రివర్‌కు 35 శాతం అవకాశం ఉంది, రైజ్‌ను తట్టుకోగలదు. మధ్యలో ఒక్క ముక్క కావాల్సిన స్ట్రెయిట్ డ్రాకు రివర్‌లోపు అవకాశం 16-17 శాతమే. రైజ్ వస్తే పడేయాల్సి వస్తుంది, ఉన్న ఆ అవకాశం కూడా పోతుంది. ఎదుటివారు ఎక్కువగా రైజ్ చేసే బోర్డుల మీద అలాంటి చేతులతో చెక్ చేసి టర్న్‌ను ఉచితంగా చూడటమే మేలు.

ఇక 7-6-5 మీద ఆసు-రాజు. ముక్కలు అందంగా ఉంటాయి, చేయి ఆగదు. ఇక్కడ చెక్ చేయండి. ఆయన తక్కువే ఫోల్డ్ అవుతాడు, రైజ్ వస్తే మీరే వదిలేయాలి. చెక్ చేస్తే టర్న్‌లో ఆసో, రాజో వచ్చే 6 ముక్కలు ఉచితంగా దొరుకుతాయి, ఏమీ రాకపోయినా ఒక్కోసారి ఆసు బలంతోనే పాట్ మీదవుతుంది. అదే బోర్డు మీద 9ల జత నుంచి జాకీల జత వరకు ఉంటే బెట్ వేయండి, కాస్త గట్టిగానే. వాటికి కాల్ చేసే చిన్న చేతులు, డ్రాలు బోలెడు ఉన్నాయి, ఎదురుచూస్తే మాత్రం భయపెట్టే టర్న్‌లు చాలా ఉన్నాయి.

5. బెట్ అయితే ఎంత

నాకు రెండు సైజులు చాలు: మూడో వంతు, మూడు పావులు. మొదట్లో ఇంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే తికమకే.

బోర్డు పొడిగా ఉండి పూర్తిగా మీదైతే చిన్నది, చాలా చేతులతో. డ్రాలు నిండి ఉంటే పెద్దది, తక్కువ చేతులతో. ఎందుకంటే ఫ్లష్ డ్రా టర్న్‌లో పడే అవకాశం 19 శాతం. మీరు మూడో వంతు వేస్తే ఆయనకు కాల్ చేయడానికి కావాల్సింది 20 శాతం. అంటే దాదాపు సరైన ధరకే డ్రా అమ్మినట్టు. మూడింట రెండు వంతులు వేస్తే ఆయనకు 28 శాతానికి పైగా కావాలి, మూడు పావులకు 30 శాతం. రెండు ముక్కలు ఒకే జాతివి ఉండే ఫ్లాపులు 55 శాతం కాబట్టి ఈ సందర్భం తరచూ ఎదురవుతుంది.

పాట్ ఎలా పెరుగుతుందో కూడా చూడండి. 550 పాట్‌లో ఫ్లాప్, టర్న్, రివర్ మూడుసార్లూ మూడో వంతు చొప్పున వేసి కాల్ పడితే చివరికి పాట్ 2,546 దగ్గర ఆగుతుంది. మూడుసార్లూ మూడు పావులు వేస్తే 8,594 అవుతుంది. ఒకటి ఇంకోదానికి మూడు రెట్లకు పైనే. సెట్ పట్టుకుని డ్రాల బోర్డు మీద చిన్న బెట్లు వేస్తూ పోతే 9,750 స్టాక్‌లో (ముందున్న చిప్స్‌లో) ఎక్కువ భాగం ఎదుటి మనిషి దగ్గరే ఉండిపోతుంది.

ఫ్లాప్‌కు ముందే తిరిగి రైజ్ పడిన పాట్‌లలో ఈ లెక్క మారుతుంది. బిగ్ బ్లైండ్ 1,100కి పెంచి మీరు కాల్ చేస్తే పాట్ 2,250, మిగిలిన స్టాక్ 8,900, అంటే పాట్‌కు నాలుగు రెట్లే. మామూలు పాట్‌లో అది దాదాపు 18 రెట్లు. నాలుగు రెట్లే ఉన్నప్పుడు చిన్న బెట్లతోనూ స్టాకంతా లోపలికి వెళ్లిపోతుంది కాబట్టి పెద్ద బెట్ తొందర ఉండదు, పైజోడీ (బోర్డులోని పెద్ద ముక్కతో కుదిరిన జోడీ) ఒక్కటే స్టాక్ పెట్టేంత బలమైనదవుతుంది.

6. చెక్ చేశాక ఏం చేయాలో అప్పుడే తెలిసి ఉండాలి

చెక్ అంటే పాట్ వదిలేసుకోవడం అనుకునేవారు ఎక్కువ. అందుకే వాళ్లు బలహీనమైన చేతులన్నిటితో చెక్, బలమైనవన్నిటితో బెట్ చేస్తారు. అప్పుడు ఎదుటివారు మీ చెక్ చూడగానే టర్న్‌లో కొడతారు, మీ దగ్గర ఎదుర్కోవడానికి ఏమీ ఉండదు. ఇందాకటి రాణుల జత, రాజుల సెట్ లాంటివి చెక్ చేసిన చేతుల్లో కొన్ని ఉంటే ఆ పప్పులు ఉడకవు.

ఒక చేతిని చివరిదాకా చూద్దాం. మీరు బటన్, మీ దగ్గర డైమను ఆసు, ఇస్పేటు 10. ఫ్లాప్: డైమను రాణి, కళావరు 8, డైమను 4. బిగ్ బ్లైండ్ చెక్ చేశాడు. బోర్డు కొంచెం మీ వైపే ఉంది, కానీ పొడిగా లేదు. రాణి-8, 8-4 లాంటి రెండు జోడీలు, ఫ్లష్ డ్రాలు, జాకీ-9, 10-9, 7-6 లాంటి డ్రాలు ఆయనకు ఉన్నాయి. మీ ఆసు ఇప్పటికే చాలా చేతుల్ని గెలుస్తోంది, రైజ్ వస్తే మాత్రం నిలవదు. నేనైతే ఇక్కడ చెక్ చేస్తాను. టర్న్ ఇస్పేటు 2. ఆయన మళ్లీ చెక్. ఇప్పుడు పరిస్థితి పూర్తిగా వేరు. రాణి ఉన్నవాడు, రెండు జోడీలున్నవాడు ఈపాటికి ఎక్కువగా బెట్ వేసేవాడు. మిగిలింది 8, 4, చిన్న జతలు, రాజు-9 లాంటి గాలి ముక్కలు. సగం పాట్, 275 వేయండి. మూడింట ఒకసారి ఫోల్డ్ అయితే చాలు. రాజు-9 ఫోల్డ్ అయితే మీకేం లాభం, అది ఎలాగూ ఓడిపోతోంది కదా అనిపించవచ్చు. ఆ చేతికి రివర్‌లో మిమ్మల్ని దాటే ముక్కలు 6 ఉన్నాయి, సుమారు 14 శాతం. ఆ అవకాశం మీరు కొనేశారు. 4 జోడీ, 3ల జత లాంటివి పడేస్తే అది వట్టి లాభం. ఫ్లాప్‌లో మూడు పావులు, అంటే సుమారు 410 పెట్టి రాబట్టాల్సిన ఫోల్డ్‌ను టర్న్‌లో తక్కువ ప్రమాదంతో రాబట్టారు.

7. మీరు ముందు మాట్లాడాల్సి వస్తే

మీరు ముందు కుర్చీ నుంచి రైజ్ చేశారు, బటన్ కాల్ చేశాడు. ఇప్పుడు ఆయన చివరగా మాట్లాడతాడు. పైగా ఆయన కాల్ చేసిన ముక్కలు బిగ్ బ్లైండ్ ముక్కల్లా చెల్లాచెదురుగా ఉండవు, నాణ్యంగా ఉంటాయి. ఇక్కడ చెక్‌లు బాగా పెంచండి. బలమైన చేతులతో కూడా చెక్ చేసి, ఆయన బెట్ మీద రైజ్ చేయండి. ఆసు-రాజు-4 లాంటి బోర్డులు మాత్రం ఇప్పటికీ మీవే, అక్కడ చిన్న బెట్ వేయవచ్చు.

బిగ్ బ్లైండ్ నుంచి కాల్ చేసినప్పుడు రైజ్ చేసినవారికే మాట వదిలేయడం ఆనవాయితీ. మామూలుగా అదే సరైనది. అయితే ఆ ఆనవాయితీ దైవశాసనం కాదు. కార్నెగీ మెలన్, ఫేస్‌బుక్ పరిశోధకులు తయారుచేసిన ప్లూరిబస్ అనే ప్రోగ్రామ్ 2019లో ఆరుగురి బల్ల మీద మేటి ఆటగాళ్లను ఓడించింది. కిందటి రౌండ్‌లో కాల్ చేసి ఊరుకున్నవాడే కొత్త రౌండ్‌లో ముందుగా బెట్ వేయడాన్ని పాతతరం ఆటగాళ్లు తప్పుగా చూసేవారు. ప్లూరిబస్ ఆ పని మనుషులకన్నా చాలా ఎక్కువసార్లు చేసింది. 6-5-4, 7-6-5 లాంటి ఫ్లాపులు పడి, ముందు కుర్చీ మనిషి పెద్ద ముక్కలతో రైజ్ చేసి ఉంటే, మీరు ముందుగా చిన్న బెట్ వేయడం ఆలోచించదగ్గదే.

8. ఎదురుగా ఇద్దరు, ముగ్గురు ఉంటే

ఇంట్లో స్నేహితుల మధ్య ఆటలో, గోవాలో చిన్న బ్లైండ్ల బల్లల దగ్గర ఇదే ఎక్కువ. నలుగురైదుగురు ఫ్లాప్ చూస్తారు. పైన చెప్పిన చిన్న బెట్ అలవాటును ఇక్కడికి మోసుకురావద్దు.

జత కాని ముక్కలు పట్టిన ఒక్కరికి ఏమీ తగలకపోయే అవకాశం 68 శాతం. ఇద్దరికీ తగలకపోయేది 46 శాతం, ముగ్గురికీ తగలకపోయేది దాదాపు 31 శాతం. ఇందులో చేతి జతలు, డ్రాలు లెక్కలోకి రాలేదు, అవీ కలిపితే ఇంకా తక్కువ. మూడో వంతు బెట్‌కు మొత్తం మీద 25 శాతం ఫోల్డ్ చాలు అన్నాం. ఎదురుగా ఇద్దరుంటే అందులో ఒక్కొక్కరు 50 శాతం, ముగ్గురుంటే ఒక్కొక్కరు 63 శాతం ఫోల్డ్ కావాలి. కాబట్టి ఉత్త బ్లఫ్‌లు దాదాపు మానేయండి. పైజోడీకి మంచి తోడు ముక్క ఉంటే, లేదా అంతకన్నా బలమైనదుంటే, పెద్ద డ్రా ఉంటే బెట్, మిగతాదంతా చెక్.

9. ఎదుటి మనిషిని బట్టి సర్దుకోండి

పైదంతా ఎదుటివారు బాగా ఆడతారని అనుకుని చెప్పింది. నిజం బల్ల దగ్గర మనుషులు రకరకాలు. ఏ జోడీ ఉన్నా చివరిదాకా కాల్ చేసే పెద్దమనిషికి బ్లఫ్ వేయడం అంటే ఆయనకు చందా ఇవ్వడమే. ఆయన మీద గాలి ముక్కలతో చెక్ చేయండి, పైజోడీతో మూడు పావులు మూడుసార్లు వేయండి. తగలకపోతే వెంటనే పడేసే మనిషి మీద రాజు-7-2నే కాదు, మధ్యరకం బోర్డుల మీద కూడా 180 వేస్తూ ఉండండి, కాల్ పడగానే ఆపేయండి. మాటిమాటికీ చెక్ చేసి రైజ్ చేసే కుర్రాడి మీద బలహీనమైన డ్రాలు, సన్నపాటి జోడీలు చెక్ చేసి, బెట్ వేసినవాటిలో బలమైనవి ఎక్కువ ఉండేలా చూసుకోండి. ఈ సవరణలు పరిచయమైన మనిషి మీదే చేయండి. కొత్తవారి మీద మొదటి ఎనిమిది మెట్లే నమ్ముకోవాలి.

10. బల్ల దగ్గరకు వెళ్లకముందు సాధన

2015 ప్రాంతంలో పయోసాల్వర్ లాంటి ప్రోగ్రాములు వచ్చాక ఈ లెక్కలన్నీ ఇంట్లో కూర్చుని సరిచూసుకునే వీలు కలిగింది. అవి ఇచ్చే అంకెల్ని బట్టీ పట్టవద్దు, వేలకొద్దీ ఫ్లాపులు ఎవరికీ గుర్తుండవు. ఒక రకం బోర్డులో బెట్ శాతం ఎందుకు ఎక్కువుందో అడుగుతూ చూస్తే మెల్లగా కన్ను కుదురుతుంది.

సాల్వర్ లేకపోయినా ఒక పేక దస్తా చాలు. మూడు ముక్కలు బల్ల మీద పరవండి. మీరు బటన్, ఎదుట బిగ్ బ్లైండ్ అనుకుని, బలమైన చేతులు ఎవరికి ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టండి. చిన్న బెట్టా, పెద్ద బెట్టా, చెక్కా అన్నది చేతి ముక్కలు పంచుకోకముందే చెప్పండి. ఆ తర్వాత రెండు ముక్కలు తీసి, ఈ చేయి బెట్ వైపా, చెక్ వైపా, రైజ్ వస్తే ఏం చేస్తుంది, టర్న్‌లో ఎన్ని ముక్కలు పనికొస్తాయి అన్నది పైకి అనండి. అయ్యాక కుర్చీ మార్చండి. అదే ఫ్లాప్ మీద ఇప్పుడు మీరు బిగ్ బ్లైండ్, బటన్ 180 వేశాడు. ఆయనకు ఉత్త పుణ్యానికి లాభం రాకూడదంటే మీరు మీ రేంజ్‌లో నాలుగింట మూడు వంతులు నిలబెట్టుకోవాలి. అంతమేర కాల్ చేయడానికి, రైజ్ చేయడానికి మీ దగ్గర ఏయే ముక్కలున్నాయో కాగితం మీద రాసి చూడండి. రాజు-7-2 మీద ఆ జాబితా ఎంత త్వరగా అయిపోతుందో, 7-6-5 మీద ఎంత సులువుగా నిండుతుందో పక్కపక్కన పెట్టి చూసుకోండి.